లీలండ్ యీ: రాజకీయ జీవితం, వివాదాలు

లీలండ్ యిన్ యీ (జననం: 1948 నవంబరు 20) అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రానికి చెందిన డెమొక్రాటిక్ పార్టీ రాజకీయ నాయకుడు. చదువు రీత్యా బాలల మనస్తత్వ శాస్త్రవేత్త. శాన్ ఫ్రాన్సిస్కో పాఠశాలల బోర్డులో ఎనిమిదేళ్లు, నగర పాలక మండలిలో సుమారు ఆరేళ్లు పనిచేసి, 2002లో రాష్ట్ర శాసనసభ దిగువ సభకూ 2006లో ఎగువ సభకూ ఎన్నికైన ఈయన, 2014 మార్చిలో కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ చేతికి చిక్కి, మరుసటి ఏడాది నేరం ఒప్పుకొని, 2016 ఫిబ్రవరిలో అయిదేళ్ల జైలుశిక్ష పొందాడు. తుపాకుల నియంత్రణకు చట్టాలు ప్రతిపాదించిన మనిషే ఆయుధాల బేరంలో దొరికాడన్న వైరుధ్యం ప్రపంచమంతటా పత్రికల్లో పతాక శీర్షిక అయింది కాబట్టి, ఆయన పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది ఆ ఒక్క సంగతే. వైరుధ్యం నిజమే కాని, కేసు పత్రాలను తేదీల వరుసలో చదివితే కథ మలుపు తిరిగింది ఆయుధాల దగ్గర కాదనీ, అంతకు రెండున్నరేళ్ల ముందు ఓడిపోయిన ఒక మేయరు ఎన్నిక మిగిల్చిన 70,000 డాలర్ల అప్పు దగ్గరనీ తెలుస్తుంది.

నేపథ్యం

యీ దక్షిణ చైనాలో గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రపు తైషాన్ ప్రాంతంలో పుట్టి, మూడేళ్ల వయసులో కుటుంబంతో పాటు శాన్ ఫ్రాన్సిస్కో చేరాడు. పందొమ్మిదో శతాబ్దంలో కాలిఫోర్నియాకు బంగారు గనుల పనికీ రైలుమార్గాల పనికీ వలస వచ్చిన చైనీయుల్లో అత్యధికులు ఈ తైషాన్ వాళ్లే కావడం వల్ల, ఆ నగరంలోని చైనీయుల సంఘాలకూ వ్యాపారాలకూ రాజకీయాలకూ ఆ ప్రాంతపు ముద్ర చాలాకాలం ఉండేది. 1882 నాటి చైనీయుల బహిష్కరణ చట్టం 1943లో రద్దయ్యేవరకు, అక్కడే పుట్టినవారికి తప్ప, వలస వచ్చిన చైనీయులకు అమెరికా పౌరసత్వం పొందే దారే లేదు. కనుక చైనీయ అమెరికన్లు ఓటర్లుగా, ఆపైన అభ్యర్థులుగా లెక్కకు రావడం యీ తరంతోనే గట్టిగా మొదలైందని చెప్పవచ్చు. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పట్టభద్రుడై, శాన్ ఫ్రాన్సిస్కో స్టేట్ విశ్వవిద్యాలయంలో స్నాతకోత్తర విద్య ముగించి, హవాయి విశ్వవిద్యాలయం నుంచి బాలల మనస్తత్వ శాస్త్రంలో డాక్టరేటు పొందిన ఆయన, రాజకీయాల్లోకి రాకముందు ఆ రంగంలోనే ఉద్యోగాలు చేశాడు. పిల్లల మనసు గురించి నిపుణుడిగా మాట్లాడగలిగే ఈ అర్హత తర్వాతి రోజుల్లో ఆయనకు అన్నిటికంటే ఎక్కువ పేరు తెచ్చిన చట్టానికి పునాది అయింది.

స్థానిక పదవులు

అమెరికాలో చాలాచోట్ల ప్రభుత్వ పాఠశాలల నిర్వహణ నగరపాలక సంస్థ చేతిలో కాక, ఓటర్లు విడిగా ఎన్నుకునే ఒక బోర్డు చేతిలో ఉంటుంది. జీతభత్యాలు నామమాత్రమే అయినా, నగరమంతటా ఓట్లు అడిగే అవకాశం దొరుకుతుంది కాబట్టి ఈ బోర్డు రాజకీయాల్లో తొలిమెట్టుగా పనికొస్తుంది. యీ 1988లో శాన్ ఫ్రాన్సిస్కో పాఠశాలల బోర్డుకు గెలిచి, రెండు దఫాలు, అంటే 1996 దాకా, సభ్యుడిగా ఉన్నాడు.

తర్వాతి మెట్టు బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్. నగరమూ జిల్లా ఒకే పాలనా విభాగంగా కలిసి ఉన్న శాన్ ఫ్రాన్సిస్కోలో 11 మంది సభ్యుల ఈ మండలి కార్పొరేషన్ కౌన్సిల్ పనినీ జిల్లా పరిషత్తు పనినీ కలిపి చేస్తుందంటే తెలుగు పాఠకులకు సులువుగా బోధపడుతుంది. 1996 నవంబరులో ఆయన మొదటిసారి ఈ మండలికి ఎన్నికైనప్పుడు సభ్యులందరినీ నగరమంతా కలిసి ఎన్నుకునేది. 2000 నుంచి వార్డుల పద్ధతి తిరిగి రావడంతో, నగరానికి పడమటి కొసన సముద్రాన్ని ఆనుకొని ఉన్న సన్‌సెట్ ప్రాంతం, అంటే నాలుగో వార్డు, ఆయన స్థానమైంది. ఈ మార్పుకు యీ జీవితంలో చెప్పుకోదగిన ప్రాధాన్యం ఉంది. చైనీయుల రాజకీయానికి సంప్రదాయ కేంద్రం చైనాటౌన్. అక్కడి వాణిజ్య మండలి తరఫున మాట్లాడే రోజ్ పాక్ అనే ప్రముఖురాలు ఎవరిని మేయరు చేయాలో, ఎవరిని చేయకూడదో నిర్ణయించగల శక్తిగా రెండు దశాబ్దాలు చలామణీ అయింది. యీ బలమంతా ఆ ఇరుకు వీధుల్లో లేదు. అక్కడి నుంచి బయటపడి పడమటి వైపు సొంత ఇళ్లు కొనుక్కున్న మధ్యతరగతి చైనీయ కుటుంబాల్లో ఉంది. చైనాటౌన్ పెద్దలకు ఆయన ఏనాడూ తమవాడు కాలేదు. తనకంటూ ఒక పెద్ద అండ లేని నాయకుడు ప్రతి ఎన్నికకూ చందాలు మళ్లీ మొదటి నుంచీ పోగుచేసుకోవలసి వస్తుంది.

శాసనసభ, పదవీకాల పరిమితి

కాలిఫోర్నియా శాసన వ్యవస్థలో 80 మంది సభ్యుల అసెంబ్లీ, 40 మంది సభ్యుల సెనేట్ అనే రెండు సభలున్నాయి. సెనేట్‌ను మన శాసనమండలితో పోల్చడం సరికాదు. దాని సభ్యులను కూడా ఓటర్లే నేరుగా ఎన్నుకుంటారు, పైగా ఒక్కొక్కరి నియోజకవర్గంలో తొమ్మిది లక్షలకు పైగా జనాభా ఉంటుంది. 1990లో ఓటర్లు ఆమోదించిన 140వ ప్రతిపాదన ప్రకారం ఒక వ్యక్తి జీవితకాలంలో అసెంబ్లీలో రెండేళ్ల పదవీకాలాలు మూడు, సెనేట్‌లో నాలుగేళ్లవి రెండు మాత్రమే నిర్వహించగలడు. పాతుకుపోయిన నాయకులను కదిలించాలన్నది ఆ నియమం ఉద్దేశం. ఆచరణలో దాని ఫలితం మరోలా పరిణమించింది: ఉన్న పదవి గడువు తీరక ముందే తర్వాతి పదవికి బరిలో దిగక తప్పని స్థితి ఏర్పడి, ప్రతి శాసనసభ్యుడూ నిరంతర అభ్యర్థిగా, నిరంతరం చందాలు అడిగేవాడిగా మారాడు. ఈ లోపాన్ని గుర్తించే 2012లో ఓటర్లు, కొత్తగా ఎన్నికయ్యేవారు ఏ సభలోనైనా సరే మొత్తం 12 ఏళ్లు ఉండవచ్చునని నియమాన్ని సడలించారు కాని, అంతకు ముందే ఎన్నికైన యీకి ఆ సడలింపు వర్తించలేదు.

2002లో ఆయన అసెంబ్లీకి గెలిచాడు. 2004లో స్పీకర్ ప్రొటెం, అంటే స్పీకరు లేనప్పుడు సభను నడిపే అధ్యక్షుడు, అయ్యాడు. ఆ పదవి పొందిన మొదటి ఆసియన్ అమెరికన్ ఆయనే. 2006లో సెనేట్ ఎనిమిదో నియోజకవర్గం నుంచి పోటీ చేసినప్పుడు అసలు పోరు సొంత పార్టీలోనే జరిగింది. శాన్ మటేయో జిల్లా నాయకుడు మైక్ నెవిన్‌నూ మాజీ శాసనసభ్యుడు లూ పపాన్‌నూ డెమొక్రాటిక్ ప్రాథమిక ఎన్నికలో ఓడించాక, రిపబ్లికన్లకు బలం లేని ఆ నియోజకవర్గంలో మిగిలింది లాంఛనమే. 2010లో తిరిగి గెలిచాడు.

వీడియో గేముల చట్టం

యీ పేరును కాలిఫోర్నియా ఎల్లలు దాటించింది 2005 నాటి అసెంబ్లీ బిల్లు 1179. మనుషులను చంపడం, అవయవాలు నరకడం, లైంగికంగా హింసించడం వంటి పనులను ఆటగాడి చేత చేయించే గేములు, మైనర్లలో వికృతాసక్తిని రేపేవిగా, కళాత్మకమైన లేదా ఇతరత్రా విలువ లేనివిగా ఉన్నట్లయితే, వాటిని 18 ఏళ్లలోపు వారికి అమ్మడాన్ని ఈ చట్టం నిషేధించింది. ఉల్లంఘనకు 1,000 డాలర్ల వరకు జరిమానా విధించింది. అటువంటి గేముల పెట్టెలపై రెండు అంగుళాలకు తగ్గకుండా 18 అనే అంకె ముద్రించాలన్నది. గేముల పరిశ్రమ తనంతట తాను ఏర్పాటు చేసుకున్న వయసుల వర్గీకరణ అప్పటికే ఉన్నా, అది చట్టబద్ధం కాదు, దుకాణదారులు పాటించకపోయినా శిక్ష లేదు. తెరమీద హింసను చూడటం వేరు, మీట నొక్కి ఆ హింసను స్వయంగా చేయడం వేరన్నది యీ వాదన. బాలల మనస్తత్వంలో డాక్టరేటు ఉన్న శాసనసభ్యుడి నోట ఆ మాటకు బరువు వచ్చింది. తుపాకులతో తెరను దద్దరిల్లజేసి కోట్లు గడించిన నటుడు, అప్పటి గవర్నరు ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ 2005 అక్టోబరులో దానిపై సంతకం చేయడం నాడు అందరి నోటా నలిగిన విశేషం.

చట్టం అమలులోకి రాకముందే గేముల తయారీదారుల, విక్రేతల సంఘాలు కోర్టుకు వెళ్లి దాన్ని నిలిపి వేయించాయి. కింది కోర్టులు రెండూ రాష్ట్రానికి వ్యతిరేకంగా తీర్పు చెప్పాక, వ్యవహారం బ్రౌన్ వర్సెస్ ఎంటర్‌టైన్‌మెంట్ మర్చంట్స్ అసోసియేషన్ అన్న పేరుతో అమెరికా సుప్రీంకోర్టుకు చేరింది. 1968లో అదే కోర్టు అశ్లీల పత్రికలను మైనర్లకు అమ్మకుండా నిషేధించవచ్చునని ఒప్పుకున్నందున, హింసకు కూడా ఆ సూత్రాన్నే వర్తింపజేయాలన్నది రాష్ట్రం వాదన. 2011 జూన్ 27న కోర్టు 7-2 తేడాతో చట్టాన్ని కొట్టివేసింది. గేములు కూడా పుస్తకాలు, నాటకాలు, సినిమాల లాగే భావ ప్రకటన కిందికే వస్తాయని, అమెరికా సంప్రదాయంలో హింసను అశ్లీలంతో సమానంగా చూసిన దాఖలా లేదని, పిల్లలకు చదివి వినిపించే గ్రిమ్ సోదరుల కథల్లోనే రక్తపాతం మెండుగా ఉందని మెజారిటీ తీర్పు రాసిన న్యాయమూర్తి ఆంటొనిన్ స్కాలియా వాదించాడు. గేములకూ పిల్లల దూకుడు ప్రవర్తనకూ కార్యకారణ సంబంధాన్ని రాష్ట్రం చూపిన అధ్యయనాలు రుజువు చేయలేదని కూడా ఆయన తేల్చాడు. న్యాయమూర్తి శామ్యూల్ అలిటో, ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ ఫలితంతో ఏకీభవిస్తూనే, కొత్త సాంకేతికతపై ఇంత త్వరగా తలుపులు మూయడం తగదనీ, ఈ చట్టంలోని నిర్వచనాలు అస్పష్టంగా ఉన్నందువల్లే తాము కొట్టివేస్తున్నామనీ విడిగా రాశారు. క్లారెన్స్ థామస్, స్టీఫెన్ బ్రయర్ విభేదించారు. మైనరుకు నగ్న చిత్రం అమ్మకూడదు గాని మనిషిని హింసించి చంపే గేము అమ్మవచ్చునంటే అందులో తర్కమేమిటన్నది బ్రయర్ అభ్యంతరం. ఆయన తమ్ముడు ఛార్లెస్ బ్రయర్ శాన్ ఫ్రాన్సిస్కోలో కేంద్ర జిల్లా న్యాయమూర్తి. ఆ పేరు ఈ కథలో మళ్లీ వస్తుంది.

చట్టం ఒక్కరోజు కూడా అమలు కాలేదు, ప్రతివాదుల న్యాయవాద ఖర్చుల కింద సుప్రీంకోర్టు దశకే రాష్ట్రం తొమ్మిదిన్నర లక్షల డాలర్లు చెల్లించుకోవలసి వచ్చింది. అయినా ఈ ఓటమి విలువ తక్కువేమీ కాదు. వీడియో గేముకు రాజ్యాంగ రక్షణ ఉందా లేదా అన్న ప్రశ్నకు అమెరికాలో తిరుగులేని జవాబు దొరికింది ఈ కేసులోనే.

బహిరంగ సమాచారం, విద్యార్థి పత్రికలు, ఇతర చట్టాలు

గేముల చట్టంలో భావ ప్రకటనకు అడ్డుపడ్డాడని నింద మోసిన నాయకుడే, విద్యార్థుల పత్రికల విషయంలో దానికి గట్టి కాపుదారు. కళాశాలల యాజమాన్యాలు విద్యార్థి పత్రికలను ముందుగా చూసి కత్తిరించకుండా 2006లోనూ, విద్యార్థుల రాతలను సమర్థించిన ఉపాధ్యాయులపై కక్ష సాధించకుండా 2008లోనూ ఆయన తెచ్చిన చట్టాలు పత్రికా స్వేచ్ఛ కోరేవారి మన్నన పొందాయి. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు అనుబంధంగా ఉంటూ విరాళాలు సేకరించే ఫౌండేషన్లు తాము ప్రైవేటు సంస్థలమంటూ లెక్కలు చూపేవి కావు. 2010లో అలాంటి ఒక విశ్వవిద్యాలయపు స్టానిస్లాస్ ప్రాంగణంలో ఉపన్యసించడానికి మాజీ ఉపాధ్యక్ష అభ్యర్థి శారా పేలిన్‌ను పిలిచినప్పుడు, ఆమెకు ఎంత చెల్లిస్తున్నారో ఫౌండేషన్ చెప్పలేదు. ఒప్పందపు పుటలు కొన్ని చెత్తకుండీలో విద్యార్థులకు దొరకడంతో వ్యవహారం రచ్చకెక్కింది. ఆమె పారితోషికం 75,000 డాలర్లని తర్వాత వెల్లడైంది. ఫౌండేషన్లను బహిరంగ రికార్డుల చట్టం పరిధిలోకి తేవాలని యీ పెట్టిన బిల్లును ష్వార్జ్‌నెగర్ వీటో చేసినా, 2011లో గవర్నరు జెర్రీ బ్రౌన్ సంతకంతో అది చట్టమైంది.

2012 నాటి సెనేట్ బిల్లు 9 మరింత లోతైనది. పద్దెనిమిదేళ్లు నిండక ముందు చేసిన హత్యా నేరానికి పెరోల్ లేని యావజ్జీవ శిక్ష పడినవారు, కనీసం 15 ఏళ్లు గడిపాక శిక్షను పునఃపరిశీలించమని కోర్టును కోరే వీలును ఇది కల్పించింది. ఎదుగుతున్న మెదడు మారగలదన్న మనస్తత్వ శాస్త్ర వాదనే దీనికీ ఆధారం. యీ చేసిన చట్టాల్లో మనుషుల జీవితాలను నేరుగా మార్చినది ఏదంటే దీన్నే చెప్పాలి, కాని పత్రికల్లో దీనికి దక్కిన చోటు గేముల చట్టానికి దక్కినదానిలో పదోవంతు కూడా ఉండదు.

జాతి గౌరవం పేరుతో వచ్చిన రెండు వివాదాలు 2011లోనే నడిచాయి. చైనా అధ్యక్షుడు హు జింటావో ప్రసంగాన్ని రేడియో వ్యాఖ్యాత రష్ లింబా అర్థం లేని శబ్దాలతో వెక్కిరించినప్పుడు క్షమాపణ కోరిన యీ కార్యాలయానికి జాతి దూషణలతో కూడిన బెదిరింపు ఫాక్సులు వచ్చాయి. అదే ఏడాది సొరచేప రెక్కల అమ్మకాన్ని నిషేధించే బిల్లును, చైనీయుల విందు సంస్కృతిపై దాడి అంటూ ఆయన వ్యతిరేకించాడు. ఆ బిల్లు ప్రతిపాదకుల్లో ఒకడైన పాల్ ఫాంగ్ స్వయంగా చైనీయ అమెరికన్. కాబట్టి సంస్కృతి పేరుతో చేసిన ఆ వాదన సొంత సమాజంలోనే నిలబడలేదు. తుపాకుల విషయంలో, గుళ్లపెట్టెను క్షణాల్లో మార్చడానికి వీలు కల్పించే లొసుగును పూడ్చేందుకు 2012, 2013లలో ఆయన ప్రయత్నించి, హత్యా బెదిరింపులు కూడా ఎదుర్కొన్నాడు.

మేయరు ఎన్నిక, మిగిలిన అప్పు

2011 జనవరిలో మేయరు గావిన్ న్యూసమ్ రాష్ట్ర ఉప గవర్నరుగా వెళ్లిపోవడంతో, మిగిలిన కాలానికి నగర పాలనాధికారి ఎడ్ లీని మండలి తాత్కాలిక మేయరుగా నియమించింది. నవంబరు ఎన్నికలో పోటీ చేయనన్న మాట మీదే లీ ఆ పదవి స్వీకరించాడు. ఆ భరోసాతో రంగంలోకి దిగిన వారిలో యీ ముందు వరుసలో ఉన్నాడు. చైనీయుల జనాభా అధికంగా ఉండి, అంతవరకు చైనీయ సంతతి వ్యక్తిని మేయరుగా ఎన్నుకోని నగరంలో ఆ చరిత్ర తనదే కావాలని ఆశించాడు. ఆగస్టులో లీ మాట మార్చుకొని బరిలో దిగాడు. వెనుక రోజ్ పాక్, చైనాటౌన్ పెద్దల బలం ఉంది. ఓటరు మొదటి, రెండవ, మూడవ ప్రాధాన్యాలు గుర్తించే పద్ధతిలో జరిగిన ఆ ఎన్నికలో 16 మంది పోటీపడగా లీ గెలిచాడు, యీ అయిదో స్థానంలో మిగిలాడు.

ఎఫ్‌బీఐ ప్రమాణ పత్రం ప్రకారం ఆ ఎన్నిక యీకి 70,000 డాలర్ల అప్పు మిగిల్చింది. శాన్ ఫ్రాన్సిస్కో నగర ఎన్నికల్లో ఒక వ్యక్తి ఒక అభ్యర్థికి 500 డాలర్లకు మించి చందా ఇవ్వకూడదు. ఓడిపోయిన అభ్యర్థికి అయిదు వందల చొప్పున ఇచ్చేదెవరు? పైగా సెనేట్‌లో ఆయన రెండో పదవీకాలం 2014తో ముగుస్తుంది, అసెంబ్లీకి తిరిగి వెళ్లడానికి ప్రయోజనం కనిపించదు. మిగిలింది రాష్ట్రమంతటా పోటీ చేయవలసిన సెక్రటరీ ఆఫ్ స్టేట్ పదవి. కేంద్రంలో ఆ పేరుతో ఉన్నది విదేశాంగ మంత్రి పదవి కాగా, రాష్ట్రంలో అది ఎన్నికలు నిర్వహించే, అభ్యర్థుల చందాల లెక్కలు ప్రజల ముందుంచే అధికారి పదవి. పాత అప్పు తీరాలి, కొత్త ప్రచారానికి డబ్బు కావాలి.

ఎఫ్‌బీఐ వల

దర్యాప్తు మొదలైంది యీతో కాదు. చైనాటౌన్‌లోని చీ కుంగ్ టాంగ్ అనే పురాతన సోదర సంఘంపైన, దాని అధినేతగా ఉన్న మాజీ ఖైదీ రేమండ్ చౌ పైన ఎఫ్‌బీఐ కొన్నేళ్లుగా నిఘా వేసి ఉంది. టాంగ్ అంటే వలస వచ్చినవారు పరస్పర సహాయానికి పెట్టుకున్న సంఘం. చైనా గణతంత్ర పితామహుడు సన్ యట్‌సెన్ సైతం ఒకప్పుడు చీ కుంగ్ టాంగ్‌లో చేరి దాని మద్దతు తీసుకున్నాడు. కొన్ని టాంగ్‌లు జూదం, బలవంతపు వసూళ్ల ముఠాలకు నీడనిచ్చిన చరిత్ర కూడా ఉంది. ఒకప్పుడు పాఠశాలల బోర్డు అధ్యక్షుడిగా పనిచేసి, తర్వాత రాజకీయ సలహాదారుగా మారిన కీత్ జాక్సన్ ఒక చేత్తో ఈ సంఘానికీ మరో చేత్తో యీ చందాల సేకరణకూ పనిచేస్తుండేవాడు. తూర్పు తీరపు మాఫియా మనిషిగా నటిస్తూ చౌ వద్దకు చేరిన ఎఫ్‌బీఐ రహస్య అధికారిని, అంత డబ్బున్నవాడు కదా అని, జాక్సన్ చందా అడిగాడు. వల పన్నినవారు పట్టదలచిన చేప ఒకటైతే తనంతట తాను వచ్చి పడింది వేరొకటి.

ఇక్కడ చట్టంలోని ఒక సున్నితమైన విషయం తెలిస్తే గాని కేసు అర్థం కాదు. అమెరికాలో శాసనసభ్యుడికి ఎన్నికల చందా ఇవ్వడం చట్టబద్ధం. ఆ చందాదారుకు మేలు చేసే బిల్లుకు సభ్యుడు ఓటు వేసినంత మాత్రాన అది లంచం కాదు. పశ్చిమ వర్జీనియా శాసనసభ్యుడొకరికి సంబంధించిన మెకార్మిక్ కేసులో 1991లో సుప్రీంకోర్టు, ఇంత సొమ్ముకు ఇంత పని అని ముందే స్పష్టమైన ఒప్పందం కుదిరినప్పుడే చందా నేరమవుతుందని తేల్చింది. దీని ఫలితంగా డబ్బు, అధికారం ఎంత దగ్గరగా తిరిగినా ఆ ఒక్క మాట పైకి అనకుండా ఉంటే చాలన్న మెలకువ రాజకీయ నాయకులందరికీ అలవడింది. యీకీ ఆ మెలకువ ఉంది. రహస్య అధికారులు సొమ్మును, పనిని ఒకే వాక్యంలో ప్రస్తావించినప్పుడల్లా ఆయన చిరాకుపడి, అలా మాట్లాడవద్దని హెచ్చరించినట్లు ప్రమాణ పత్రంలో పదే పదే కనిపిస్తుంది. అయినా బేరాన్ని వదులుకోలేదు.

అభియోగాల ప్రకారం మొదట వచ్చింది పరిమితికి పదింతలైన 5,000 డాలర్ల చెక్కు. తర్వాత, ప్రజారోగ్య శాఖ కాంట్రాక్టు కోరుతున్నట్లు నటించిన ఒక కంపెనీ తరఫున ఆ శాఖ అధికారికి ఫోను చేసి, మద్దతు లేఖ ఇవ్వడానికి 10,000 డాలర్లు. చీ కుంగ్ టాంగ్‌ను ప్రశంసిస్తూ సెనేట్ పేరిట ఒక అభినందన పత్రం జారీ చేయించినందుకు 6,800 డాలర్లు. ఆ మొత్తం రాష్ట్రస్థాయి పదవి అభ్యర్థికి ఒక్కరు ఇవ్వగల చందా గరిష్ఠ పరిమితికి సరిగ్గా సమానం. వైద్యానికి వాడే గంజాయిపై చట్టం చేయించదలచిన వ్యాపారిగా వచ్చిన మరో అధికారిని తోటి సెనేటర్లకు పరిచయం చేసినందుకు మరికొన్ని వేలు. ఈ మొత్తాలు చదివినప్పుడు ఆశ్చర్యం కలిగించేది వాటి పెద్దతనం కాదు, చిన్నతనం. ప్రపంచంలోని పెద్ద ఆర్థిక వ్యవస్థల్లో ఒకటైన రాష్ట్రంలో చట్టం చేసే చేయి ఇంత చౌకగా దొరకడానికి, తీరని అప్పు తప్ప వేరే కారణం కనిపించదు.

అప్పు మొత్తం చివరకు ఆయుధాల దాకా తీసుకెళ్లింది. భారీ చందా ఇస్తానన్న మాఫియా వేషధారికి ఆయుధాల దిగుమతి మీద ఆసక్తి ఉందని తెలిసి, ఫిలిప్పీన్స్‌లోని మిందనావో దీవి తిరుగుబాటుదారుల వైపు నుంచి భుజం మీద పెట్టి పేల్చే క్షిపణులతో సహా ఆయుధాలు తెప్పించగల మనుషులు తనకు తెలుసునని యీ చెప్పినట్లు అభియోగం. ఆయుధాల విలువ అయిదు లక్షల నుంచి పాతిక లక్షల డాలర్ల దాకా ఉంటుందని మాటలు నడిచాయి. ఆయుధాలేవీ ఆయన ద్వారా దేశంలోకి రాలేదు. అది కోతలే తప్ప చేతనైన పని కాదన్నవారున్నారు. కాని డబ్బు కోసం ఏ వస్తువు పేరైనా ఎత్తగలిగే స్థితికి ఆయన చేరాడన్నది మాత్రం ఆ సంభాషణల వల్ల రుజువైంది.

అరెస్టు, ఎన్నిక, శిక్ష

2014 మార్చి 26 ఉదయం యీతో పాటు చౌ, జాక్సన్ సహా మరో పాతిక మందిని ఎఫ్‌బీఐ నిందితులుగా చూపింది. ప్రజలకు నిజాయితీగా సేవ చేయవలసిన బాధ్యతను మోసగించారన్న ఆరు అభియోగాలు, లైసెన్సు లేకుండా ఆయుధాల వ్యాపారానికి కుట్ర పన్నారన్న ఒక అభియోగం యీపై నమోదయ్యాయి. అంతకు కొద్ది రోజుల ముందే వృత్తి పాత్రికేయుల సంఘం ఉత్తర కాలిఫోర్నియా శాఖ బహిరంగ సమాచార హక్కును కాపాడినందుకు ఆయన్ను పురస్కారంతో సత్కరించి ఉంది. మర్నాడు ఆయన సెక్రటరీ ఆఫ్ స్టేట్ పోటీ నుంచి తప్పుకుంటున్నట్లు ప్రకటించాడు, కాని పేరు అప్పటికే ఓటు పత్రంలోకి ఎక్కింది. జూన్ 3న ఎనిమిది మంది అభ్యర్థుల్లో మూడోవాడుగా 3,80,000కు పైగా ఓట్లు తెచ్చుకున్నాడు. దీన్ని ఓటర్ల అజ్ఞానానికి నిదర్శనంగా ఎగతాళి చేశారు; పైనుంచి కిందికి డజన్ల కొద్దీ పదవులు, పేర్లు ఉండే ఓటు పత్రంలో పార్టీ గుర్తింపునూ పరిచితమైన పేరునూ చూసి గుర్తు పెట్టడం అమెరికా ఓటరుకు మామూలేనన్నది వాస్తవానికి దగ్గరగా ఉండే వివరణ.

2015 జూలై 1న యీ విచారణకు వెళ్లకుండా, వ్యవస్థీకృత నేర కుట్ర అభియోగం ఒకదాన్ని అంగీకరించాడు. ఈ అభియోగానికి ఆధారమైన, ముఠాలను అణచడానికి 1970లో చేసిన చట్టం కింద, ఒక సంస్థను పదే పదే నేరాలకు వాడుకోవడమే శిక్షార్హం. 2016 ఫిబ్రవరి 24న శిక్ష ప్రకటించింది న్యాయమూర్తి ఛార్లెస్ బ్రయర్. అన్న యీ చట్టానికి అనుకూలంగా సుప్రీంకోర్టులో అసమ్మతి తీర్పు రాసిన అయిదేళ్లలోపే తమ్ముడు ఆ చట్టం రాసిన మనిషిని జైలుకు పంపాడు. ప్రభుత్వం ఎనిమిదేళ్లు కోరగా, జబ్బుపడిన భార్యకు తాను అవసరమని యీ మన్నింపు అడిగాడు. న్యాయమూర్తి అయిదేళ్లు ఖాయం చేశాడు. లంచాల కంటే ఆయుధాల మాటలే తనను ఎక్కువ కలతపెట్టాయని కోర్టులో స్పష్టం చేశాడు. జాక్సన్‌కు తొమ్మిదేళ్లు పడ్డాయి. నేరం ఒప్పుకోకుండా విచారణకు నిలబడిన చౌను, హత్య సహా 162 అభియోగాల్లో జ్యూరీ దోషిగా తేల్చింది. ఆయనకు యావజ్జీవ శిక్ష పడింది. యీ 2020లో జైలు నుంచి బయటికి వచ్చాడు.

సెనేట్‌పై ప్రభావం

అరెస్టైన రెండు రోజులకు సెనేట్ 28-1 ఓట్లతో యీని సస్పెండు చేసింది. అదే తీర్మానంతో మరో ఇద్దరు డెమొక్రాట్లు కూడా సస్పెండయ్యారు: లంచాల కేసులో అభియోగాలు ఎదుర్కొంటున్న రాన్ కాల్డెరాన్, తన నియోజకవర్గంలో నివసించకుండానే నివసిస్తున్నట్లు చెప్పిన కేసులో జ్యూరీ దోషిగా తేల్చిన రాడ్ రైట్. నలభై మంది సభలో ఒకే ఏడాది ముగ్గురు చిక్కుకోవడంతో, పన్నులు పెంచడానికీ రాజ్యాంగ సవరణలు ప్రతిపాదించడానికీ అవసరమైన మూడింట రెండు వంతుల బలాన్ని డెమొక్రాట్లు కోల్పోయారు. సభ చేయగలిగింది అప్పటికి రెండే పనులు, బహిష్కరించడం లేదా జీతంతో సస్పెండు చేయడం. రెండోది ఎంచుకోవడం వల్ల యీ ఏడాదికి 95,291 డాలర్ల జీతాన్ని, ఓటు వేసే హక్కు లేకుండా ఇంట్లో కూర్చొని, పదవీకాలం ముగిసేదాకా అందుకున్నాడు. వ్యతిరేకంగా ఓటేసిన ఒకే ఒక్క సభ్యుడు, రిపబ్లికన్ జోయెల్ ఆండర్సన్, వారి పక్షాన నిలబడి అలా చేయలేదు. బహిష్కరించకుండా జీతమిచ్చి కూర్చోబెట్టడం తప్పని ఆయన వాదన. బహిష్కరణ జరిగితే ఉప ఎన్నిక వచ్చేది, సస్పెన్షన్ వల్ల ఎనిమిదో నియోజకవర్గం నెలల తరబడి ప్రతినిధి లేకుండా ఉండిపోయింది. ఈ చిక్కులో సగాన్ని తీర్చేందుకు 2016 జూన్‌లో ఓటర్లు 50వ ప్రతిపాదనను ఆమోదించారు. దాని ప్రకారం ఏ సభ అయినా మూడింట రెండు వంతుల ఓట్లతో సభ్యుణ్ణి జీతం లేకుండా సస్పెండు చేయవచ్చు. ప్రతినిధి లేని నియోజకవర్గం సంగతి మాత్రం అందులో లేదు.